ధ్రువతారను ధ్వజంపై నిలిపిన బాలుడు

తెలుగునాట చీకటి రాత్రివేళ ఉత్తర దిక్కునకు తిరిగి ధ్రువనక్షత్రం కొరకు వెదకేవారు అంతగా తల ఎత్తవలసిన పని లేదు. ఒక స్థలం అక్షాంశం ఎన్ని డిగ్రీలో, ధ్రువుడు అక్కడ దిగంతానికి ఇంచుమించుగా అన్ని డిగ్రీల ఎత్తున కన్పిస్తాడు. హైదరాబాదులో ఆ ఎత్తు సుమారు 17 డిగ్రీలు మాత్రమే. ఇంటి వెనుక నాలుగు చెట్లు గుబురుగా పెరిగితే చాలు, మరుగుపడిపోతాడు. సప్తర్షి మండలం సంగతీ అంతే. సంవత్సరంలో కొన్ని నెలలపాటు సాయంత్రపు ఆకాశంలో అది మనకు కన్పించనే కన్పించదు. పెండ్లినాటి రాత్రి నూతన వధూవరులకు పురోహితుడు వసిష్ఠుని ప్రక్కనున్న అరుంధతిని చూపించబోతే, ఆ వేళకు ఆమె ఉదయించి ఉండకపోవడం, అందరూ ఆకాశంవైపు తలలూపి ఊరుకోవడం చాలమంది ఎరిగినదే.

ఇదే ధ్రువుడు భూగోళానికి ఆవలి భాగాన, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అన్నిటికంటె ఉత్తరాన ఉన్న అలాస్కాలో, దాదాపు నడినెత్తికి చేరువగా నిలుస్తాడు. ఆ రాష్ట్రపు దక్షిణ తీరాన సీవార్డ్ అను చిన్న రేవు పట్టణం కలదు. అక్కడ ధ్రువుని ఎత్తు 60 డిగ్రీలు. సప్తర్షులు అక్కడ అస్తమించరు. ఏడాది పొడవునా ధ్రువుని చుట్టూ ప్రదక్షిణం చేస్తూనే ఉంటారు. ఆ పట్టణంలోని ఒక అనాథ శరణాలయంలో పెరిగిన బాలుడు ఆ ఎనిమిది నక్షత్రాలను ఒక కాగితంపై చిత్రించి పంపగా అది ఆ దేశానికి పతాకమైనది. ఆ బాలుని పేరు బెన్నీ బెన్సన్.

ఆయన జీవితం తెలియాలంటే ముందుగా ఆ నేల ఎటువంటిదో కొంత తెలియాలి. అలాస్కా వైశాల్యం సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెంటినీ కలిపి ఆరు రెట్లు చేసినా దానికి చాలవు. అంతటి నేలపై 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నవారు 7 లక్షల 33 వేల మంది. తక్కిన అమెరికా రాష్ట్రాలతో దానికి భూమి సరిహద్దు లేదు. నడుమ కెనడా దేశం అడ్డుగా ఉన్నది. 6,190 మీటర్ల డెనాలి శిఖరం, హిమనదములు, అగ్నిపర్వతాలు, నైరుతి దిశగా సముద్రంలోనికి తోరణంవలె సాగిపోయిన అలూషియన్ దీవులు దాని స్వరూపం. వేసవిలో అర్ధరాత్రి వరకు వెలుగు చావదు. శీతకాలంలో సీవార్డ్ వంటి దక్షిణపు ఊళ్ళలో సైతం పగలు సుమారు 6 గంటలు మాత్రమే. ఇంకా ఉత్తరానికి పోతే కొన్ని వారాలపాటు సూర్యుడు కన్పించడు.

ఈ నేలను రష్యా చక్రవర్తి వద్దనుండి అమెరికా 1867లో 72 లక్షల డాలర్లకు కొన్నది. తరతరాలుగా అక్కడ నివసిస్తున్న ఆదిమ జాతులవారిని ఎవరూ అడిగినది లేదు. కొన్న మంత్రి విలియం సీవార్డ్‌ను స్వదేశంలో పలువురు ఎగతాళి చేసినారు. మంచుగడ్డలకు అంత సొమ్మా అని వారి మాట. పైన చెప్పిన రేవు పట్టణం ఆ మంత్రి పేరు మీదనే వెలసినది. బంగారం దొరికినది, చేపలు దొరికినవి, ధనం దక్షిణానికి తరలిపోయినది. అక్కడి ప్రజలకు మాత్రం సమాన స్థానం దొరకలేదు. 1912లో దానిని ఒక ప్రత్యేక ప్రాంతంగా ఏర్పాటు చేసి చిన్న శాసనసభను ఇచ్చినారు. గవర్నరును మాత్రం దేశాధ్యక్షుడే నియమించేవాడు. అధ్యక్షుని ఎన్నికలో అక్కడివారికి ఓటు లేదు. కాంగ్రెసులో వారి ప్రతినిధి కూర్చుండి మాటలాడవచ్చునే గాని ఓటు వేయరాదు. ఇంటిలో ఉండీ పంక్తిలో విస్తరి లేని బంధువు పరిస్థితి వంటిదది.

ఆ కాలంలోనే, ఆ దేశపు నైరుతి తీరంలో చేపల పట్టుబడికి పేరైన చిగ్నిక్ అను పల్లెలో బెన్నీ జన్మించినాడు. తండ్రి స్వీడన్ దేశంనుండి వలస వచ్చిన జాలరి. తల్లి టాటియానా అలూట్, రష్యన్ సంతతులు కలిసిన కుటుంబపు స్త్రీ. బాలునికి మూడు నాలుగేండ్ల ప్రాయంలోనే ఆమె న్యుమోనియా వ్యాధితో మరణించినది. సముద్రంపై పోతేనే గాని పొట్ట గడవని ఆ తండ్రికి పసిపిల్లలను పెంచే దారి తోచలేదు. ఇద్దరు కుమారులను, బెన్నీని, కార్ల్‌ను, ఉనలాస్కా దీవిలోని జెస్సీ లీ శరణాలయానికి పంపినాడు. వారి సోదరి వేరొక రాష్ట్రంలోని పాఠశాలకు పోయినది. తల్లి పోయిన ఇంటిలో పిల్లలు ముగ్గురూ చెదరిపోవడం ఆ తండ్రి కఠినత్వంవలన జరిగినదని చెప్పడానికి వీలులేదు. తరువాతి కాలంలో తండ్రీ కొడుకులు మరల ఒకచోటనే పనిచేసినారు.

జెస్సీ లీ శరణాలయాన్ని మెథడిస్టు సంఘపు స్త్రీలు 1890లో స్థాపించినారు. 1918-19లో ప్రపంచాన్ని చుట్టిన ఇన్‌ఫ్లుయెంజా అలాస్కాలో ఆదిమ జాతుల పల్లెలను కొన్నింటిని తుడిచిపెట్టినంత పని చేసినది. దిక్కు లేని పిల్లలు పెరిగినారు. శరణాలయానికి చోటు చాలలేదు. 1925-26 ప్రాంతంలో దానిని సీవార్డ్‌కు మార్చినారు. బెన్నీ కూడ అందరితోపాటు అక్కడికి చేరినాడు. మన మఠాల ఉచిత వసతి గృహాలలో పెరిగిన పిల్లలను చూచినవారికి ఆ జీవితం కొంత ఊహకు అందుతుంది. అన్నానికి లోటు ఉండదు, చదువుకు లోటు ఉండదు. రాత్రి దీపం ఆర్పిన తరువాత మాత్రం ప్రతి బిడ్డకూ ఎవరి ఒంటరితనం వారిదే.

1926లో అలాస్కా గవర్నరుగా ఉన్న జార్జి పార్క్స్ రాజధాని వాషింగ్టన్‌కు పోయినప్పుడు అక్కడి తపాలా శాఖ భవనంలో 48 రాష్ట్రాల పతాకాలు వ్రేలాడుతూ ఉండగా చూచినారు. తన ప్రాంతానిది లేదు. ఉండడానికి అసలు దానికి పతాకమే లేదు. తిరిగి వచ్చి, మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ అలాస్కా శాఖ ద్వారా పతాక చిత్రణకు పోటీని ఏర్పాటు చేయించినారు. పెద్ద చిత్రకారులను పిలువలేదు. ఏడవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు చదివే విద్యార్థులకే ఆ అవకాశం ఇచ్చినారు. అప్పటి పాఠశాలల స్థితి ఎరిగినవారికి ఈ ఏర్పాటు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1905 నాటి చట్టం ప్రకారం ప్రాంతీయ పాఠశాలలు తెల్లవారి పిల్లలకు, తెల్లవారి పద్ధతులలో బ్రతుకుతున్నారని తోచిన మిశ్రమ సంతతి పిల్లలకు మాత్రమే. ఆదిమ జాతుల పిల్లలకు వేరు బడులు. తల్లి వైపున అలూట్ అయిన బెన్నీ వంటివాడు ఆ గీతకు ఎటువైపున ఉన్నాడో నిర్ణయించేది ఎప్పుడూ ఇతరులే.

1926-27 శీతకాలంలో పిల్లలు బొమ్మలు గీసినారు. కొందరు ధ్రువపు ఎలుగుబంట్లను, కొందరు బంగారాన్ని జల్లించే పళ్ళెములను, ఉత్తరపు వింత కాంతులను, అర్ధరాత్రి సూర్యుని, ప్రభుత్వ ముద్రను చిత్రించినారు. అలాస్కా అనగానే ఎవరికైనా తోచేవి అవే. ఊరూరా ఏరికూర్చగా జూనో పట్టణంలోని నిర్ణేతల వద్దకు 142 చిత్రాలు చేరినవి. వానిలో ఏడవ తరగతి చదువుతున్న బెన్నీ చిత్రం మిక్కిలి సాదాగా ఉన్నది. నీలిరంగు పరపుపై ఎనిమిది బంగారు నక్షత్రాలు: ఏడు సప్తర్షులవి, పైన కుడివైపున కొంచెం పెద్దదిగా ధ్రువునిది. మరేమీ లేదు.

చిత్రంతోపాటు తన భావాన్ని వివరిస్తూ అతడు రెండు మూడు వాక్యాలు వ్రాసినాడు. ఆ నీలం అలాస్కా ఆకాశానికి, అక్కడి ఒక చిన్న నీలి పువ్వుకు గుర్తు. నన్ను మరువకుమా అని అర్థమిచ్చే పేరు గల ఆ పువ్వు 1917లోనే ఆ ప్రాంతపు అధికార పుష్పమైనది. సప్తర్షి మండలం పాశ్చాత్యుల లెక్కలో పెద్ద ఎలుగుబంటి అను రాశిలో భాగం గనుక అది బలానికి గుర్తు. ధ్రువనక్షత్రం మున్ముందు ఏర్పడబోయే అలాస్కా రాష్ట్రానికి గుర్తు. ఆ రాష్ట్రం అమెరికాలో అన్నిటికంటె ఉత్తరాన ఉంటుంది గనుక.

ఈ చివరి మాటను నిదానించి చూడాలి. 1927లో అలాస్కా రాష్ట్రం కాదు. రాష్ట్రమవుతుందని నమ్మినవారూ తక్కువ. జనం లేరు, పన్నులు రావు, దూరం ఎక్కువ అని కారణాలు చెప్పే పెద్దలు వాషింగ్టన్‌లో చాలమంది ఉండేవారు. వయసు వచ్చినవారు ఎలుగుబంట్లను, బంగారాన్ని చూస్తున్న నేలపై ఏడవ తరగతి పిల్లవాడు రాబోయే సమానత్వాన్ని చూచి దానికి ఆకాశంలో అన్నిటికంటె కదలని చుక్కను కేటాయించినాడు. తండ్రి ఒడిలో చోటు దొరకని ధ్రువుడు తపస్సు చేసి అచంచలమైన స్థానం సంపాదించిన కథ మన పిల్లలకు ఉగ్గుపాలనాటినుండి తెలుసు. బెన్నీకి ఆ కథ తెలిసి ఉండే అవకాశం లేదు. అయినా ఒడి లేని బాలుడు ఆ చుక్కనే ఎన్నుకొన్నాడు.

నిర్ణేతలు అతని చిత్రాన్ని ఎన్నుకొన్నారు. 1927 మే 2న శాసనం ఆమోదం పొందినది. జూలై 9న సీవార్డ్‌లో శరణాలయం వద్ద ఆ పతాకాన్ని మొదటిసారిగా ఎగురవేసినారు. బాలునికి పతాక చిహ్నం గల ఒక గడియారాన్ని, వాషింగ్టన్ యాత్ర కొరకు 1,000 డాలర్లను బహుమతిగా ప్రకటించినారు. అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్‌కు తన చేతితో పతాకాన్ని సమర్పించాలని ఏర్పాటు. ఆ యాత్ర జరుగనేలేదు. అనుకొన్న వేళకు ఏదో ఒక అడ్డు వచ్చినది. తండ్రి అనారోగ్యం కూడ తోడైనది. పతాకం దేశమంతా తిరిగినది. దానిని గీసినవాడు ఉన్నచోటనే ఉండిపోయినాడు. ఆ సొమ్మును అతని చదువు కొరకు వేరుగా ఉంచినారు.

1932లో శరణాలయం విడిచి బెన్నీ తండ్రి వద్దకు చేరినాడు. సముద్రంలోని ఒక చిన్న దీవిలో తోలు కొరకు నీలి నక్కలను పెంచడం అప్పటి వారి వృత్తి. నాలుగేండ్ల తరువాత దానిని వదలి సియాటిల్ నగరానికి పోయినాడు. బహుమతి సొమ్ము అప్పటికి అక్కరకు వచ్చినది. దానితో డీజిల్ యంత్రాల పనిని నేర్పే పాఠశాలలో చేరినాడు. 1938లో వివాహమైనది, ఇద్దరు కుమార్తెలు కలిగినారు. ఆ కాపురం నిలువలేదు. 1950లో విడిపోయిన తరువాత పిల్లలను వెంటబెట్టుకొని ఆయన అలాస్కాకు తిరిగి వచ్చి కోడియాక్ దీవిలో స్థిరపడినారు. తల్లి లేని పిల్లలను తండ్రి ఏం చేయగలడను ప్రశ్న ఆయన ఇంటిలో రెండవసారి వచ్చినది. ఈ తండ్రి పిల్లలను తనవద్దనే ఉంచుకొన్నాడు.

కోడియాక్‌లో ఆయన చిన్న విమానాల సంస్థలో యంత్రాలు బాగుచేసే పనికి కుదిరినారు. రోడ్లు లేని ఆ దీవులలో విమానం మన పల్లెలలోని బస్సు వంటిది. మందులు, ఉత్తరాలు, సరుకులు, రోగులు అన్నీ దానిమీదనే. నూనె మరకల చేతులతో కాయకాన్ని నమ్ముకొని సంవత్సరాల తరబడి ఆయన ఆ పని చేసినారు. పదమూడు, పదునాలుగేండ్లకే రాష్ట్రానికి గుర్తునిచ్చినవాడు తక్కిన జీవితమంతా ఆ కీర్తిని పెట్టుబడిగా పెట్టి బ్రతుకవచ్చునని అనుకొనేవారు ఉంటారు. ఆయన ఆ మార్గం పట్టలేదు.

ఆ నడుమ అలాస్కా మారుతూ వచ్చినది. 1940 ప్రాంతం వరకు అక్కడి కొన్ని దుకాణాల, భోజనశాలల ముందు ఆదిమ జాతులవారికి ప్రవేశం లేదను బోర్డులు వ్రేలాడుతుండేవి. 1924నుండి చట్టం ప్రకారం వారు ఆ దేశపు పౌరులే. అయినా గుమ్మం దాటడానికి వీలులేదు. 1945 ఫిబ్రవరిలో జూనోలోని శాసనమండలి ఎదుట ట్లింగిట్ జాతి మహిళ ఎలిజబెత్ పెరాట్రోవిచ్ నిలిచి ఆ అవమానాలను సభ్యులకు వివరించి చెప్పినారు. అంతకు ముందు ఎగతాళిగా మాట్లాడినవారు మౌనం వహించవలసి వచ్చినది. ఫిబ్రవరి 16న గవర్నరు ఎర్నెస్ట్ గ్రూనింగ్ వివక్ష నిషేధ చట్టంపై సంతకం చేసినారు. అమెరికా అంతటికీ వర్తించే అటువంటి పౌరహక్కుల చట్టం వచ్చినది 1964లో. అంటే ఆ విషయంలో ఈ దూరపు ప్రాంతం దాదాపు ఇరువది ఏండ్లు ముందు నడచినది. ఆమె 1958లో, రాష్ట్రావతరణకు నెలరోజుల ముందు కన్నుమూసినారు. ఫిబ్రవరి 16ను అలాస్కా నేటికీ ఆమె పేర జరుపుకొంటున్నది. బెన్నీ పతాకపు వెల ఎంతో తెలిసికోవాలంటే ఆ బోర్డులను కూడ జ్ఞప్తికి తెచ్చుకోవాలి. ఆ గుమ్మాల వెలుపల నిలువవలసిన తల్లి కన్న బిడ్డ గీసిన పతాకం ఆ ఊళ్ళలోని ప్రభుత్వ భవనాలపై అప్పటికే పదునెనిమిదేండ్లుగా ఎగురుతున్నది.

1959 జనవరి 3న అలాస్కా అమెరికాలో 49వ రాష్ట్రమైనది. పతాకాన్ని మార్చవలసిన అవసరం కలుగలేదు. ప్రాంతానికి ఉన్న పతాకమే రాష్ట్రానికీ నిలిచినది. రాబోయే రాష్ట్రానికి గుర్తు అని ధ్రువుని గురించి బాలుడు వ్రాసిన మాట నిజమయ్యేటప్పటికి 32 ఏండ్లు గడచినవి. ఆ జూలైలో అమెరికా జాతీయ పతాకంలో 49వ నక్షత్రం చేరినది. మరుసటి సంవత్సరం హవాయి చేరికతో అవి 50 అయినవి. ఆ మార్పును చూడడానికి బెన్నీ సజీవంగా ఉన్నారు. అప్పటికి ఆయన నడివయసు దాటుతున్న యంత్రకారుడు.

1964 మార్చి 27 సాయంత్రం అలాస్కాను 9.2 తీవ్రత గల భూకంపం కదిపివేసినది. అమెరికా చరిత్రలో నమోదైన భూకంపాలలో అంతటిది మరొకటి లేదు. సీవార్డ్ రేవు సముద్రంలోనికి జారిపోయినది, చమురు తొట్లు అంటుకొన్నవి, వెనువెంటనే ఉప్పెన విరుచుకుపడినది. కోడియాక్ పట్టణాన్ని సైతం అలలు ముంచెత్తినవి. బెన్నీ పెరిగిన శరణాలయ భవనం దెబ్బతిన్నది. పిల్లలను ఆంకరేజ్ నగరానికి తరలించినారు. ఖాళీ అయిన ఆ భవనం గాలికి వానకు నాని చాలకాలం అట్లే నిలిచినది. దానిని కాపాడాలని కొందరు ఎంతో ప్రయత్నించినారు గాని ఫలించలేదు. 2020లో దానిని పడగొట్టినారు.

బెన్నీ చివరి సంవత్సరాలు సుఖంగా గడువలేదు. 1969లో ఆయన ఒక కాలు తీసివేయవలసి వచ్చినది. 1972 జూలై 2న కోడియాక్‌లో గుండెపోటుతో మరణించినారు. ఆయన చిన్ననాడు గీసిన చిత్రం జూనోలోని రాష్ట్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. సీవార్డ్ సమీపంలో ఒక పర్వతానికి బెన్సన్ అని పేరు. 2013లో కోడియాక్ విమానాశ్రయానికి బెన్నీ బెన్సన్ పేరు పెట్టినారు. దీవుల పల్లెలకు మందులు, ఉత్తరాలు మోసుకొనిపోయే చిన్న విమానాలు ఇప్పటికీ ఆ ఊరినుండి లేస్తున్నవి.